జూన్ నుంచి మీ థైరాయిడ్ శాంపిల్ వేరే ల్యాబ్‌కి వెళ్తోంది, ముందే చెప్పాల్సింది

హైదరాబాద్ చిక్కడపల్లిలో మా కలెక్షన్ సెంటర్ పెట్టి పదకొండేళ్లయింది. రక్తం ఇక్కడే తీస్తాం కాబట్టి టెస్టు కూడా ఇక్కడే చేస్తామని చాలామంది అనుకుంటారు. ఇన్నేళ్లలో ఆ మాట నేనెప్పుడూ సరిదిద్దలేదు. షుగర్, హిమోగ్లోబిన్, యూరిన్ వరకు అది నిజమే, లోపలి గదిలో నేనే చేస్తాను. థైరాయిడ్ మాత్రం మా దగ్గర జరగదు. ఆ మెషీన్ కొనే స్తోమత మాకు లేదు. ఒకవేళ కొన్నా, రోజుకు వచ్చే పది పన్నెండు శాంపిళ్లతో దాని కెమికల్స్ ఖర్చు కూడా రాదు. రక్తం గడ్డకట్టడానికి అరగంట ఆగి, సీరం వేరు చేసి, ఐస్ ప్యాకుల పెట్టెలో పెద్ద ల్యాబ్‌కి పంపడం వరకే మా పని.

ఆ పెద్ద ల్యాబ్‌ని ఈ జూన్‌లో మార్చాను. కారణం దాచేదేమీ లేదు. షాపు అద్దె పెరిగింది, కొత్త ల్యాబ్ వాళ్లు ఒక్కో శాంపిల్‌కి 70 రూపాయలు తక్కువకు చేస్తామన్నారు, మనిషిని రోజుకు రెండుసార్లు పంపుతామన్నారు. దానికీ గుర్తింపు ఉంది, దీనికీ ఉంది, ఇంక కస్టమర్‌కి తేడా ఏముంటుందిలే అనుకున్నాను. రిపోర్టు అడుగున చిన్న అక్షరాల్లో ల్యాబ్ పేరు మారింది. మీకెవరికీ నోటితో చెప్పలేదు.

సెప్టెంబర్‌లో ఒక టీచరమ్మ వచ్చారు. రిటైరయ్యారు, ఎనిమిదేళ్లుగా మా దగ్గరికే వస్తారు, రిపోర్టులన్నీ తేదీల వారీగా ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుంటారు. మార్చిలో ఆమె టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పనితీరు చూడటానికి రక్తంలో కొలిచే హార్మోన్) 3.8. సెప్టెంబర్‌లో 5.4, పక్కన ఎర్ర అక్షరం. థైరాయిడ్ గోలీ డోసు మారలేదు, ఒక్క రోజు మానలేదు. డోసు పెంచే ముందు డాక్టర్‌గారు రెండు రిపోర్టులూ పక్కపక్కన పెట్టి, "అమ్మా, ఇవి రెండూ ఒకే ల్యాబ్‌వి కావు కదా" అన్నారట. అప్పటిదాకా ఆమెకు తెలియదు. కౌంటర్ దగ్గరికొచ్చి కవర్ ముందు పెట్టి, "ఏం అమ్మాయ్, మారింది నా థైరాయిడా, నీ ల్యాబా?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు.

మర్నాడు పొద్దున్నే ఆమె రక్తం మళ్లీ తీసి, ఒకే సీరం రెండు ట్యూబుల్లో పోసి, పాత ల్యాబ్‌కి ఒకటి, కొత్త ల్యాబ్‌కి ఒకటి నా ఖర్చుతో పంపాను. పాత ల్యాబ్‌లో 3.9 వచ్చింది, కొత్త ల్యాబ్‌లో 5.2. ఒకే మనిషి, ఒకే సూది, ఒకే గంట.

రెండింటిలో ఏదీ తప్పు కాదు. టీఎస్‌హెచ్‌ని ఒక్కో కంపెనీ మెషీన్ ఒక్కో పద్ధతిలో కొలుస్తుంది, కొన్ని ఎప్పుడూ కాస్త ఎక్కువగానే చూపిస్తాయి. అందుకే ప్రతి ల్యాబ్ తన నార్మల్ రేంజ్ తానే ముద్రిస్తుంది. పాత ల్యాబ్ పేపర్‌లో పై హద్దు 4.94, కొత్తదాంట్లో 4.2. ఎక్కువ చూపే మెషీన్‌కి హద్దు కూడా ఎక్కువ ఉండాలి కదా? ఇక్కడ తిరగబడి ఉంది. కాబట్టి హద్దు దగ్గర్లో తిరిగేవాళ్లకు ల్యాబ్ మారడమే జబ్బు ముదిరినట్టు కనిపిస్తుంది. టీఎస్‌హెచ్ 2 ఉన్నవాళ్లకు ఇదేమీ తెలియదు. 4కి అటూ ఇటూ ఉన్నవాళ్లకే తిప్పలు.

ఇప్పుడు చేస్తున్నది ఇది. గోలీ వాడుతూ మా దగ్గర పాత రికార్డు ఉన్నవాళ్ల శాంపిల్ మళ్లీ పాత ల్యాబ్‌కే వెళ్తుంది, ఆ 70 రూపాయలు నేనే భరిస్తాను. కొత్తగా వచ్చేవాళ్లది కొత్త ల్యాబ్‌కి వెళ్తుంది, రక్తం తీసే ముందే ఆ ల్యాబ్ పేరు చెప్తాం. మీరు వేరే చోట చేయించుకున్నా సరే, రిపోర్టు అడుగున ఏ ల్యాబ్ అని ఉందో చూసుకోండి, బయట బోర్డు మీది పేరు కాదు. ల్యాబుల నాణ్యత చూసే జాతీయ సంస్థ ఎన్‌ఏబీఎల్ ఇచ్చే గుర్తింపు కూడా అలాంటిదే. అది బిల్డింగుకి ఇచ్చేది కాదు, ఆ ల్యాబ్ చేసే ఫలానా టెస్టులకు ఇచ్చేది. మా బోర్డు మీద ఇన్నాళ్లూ ఉన్న ఆ గుర్తు నిజానికి పెద్ద ల్యాబ్‌ది. పెయింటర్‌ని పిలిచి తీయించేశాను.

ఇక ఏ టెస్టు చేయించుకోవాలన్న సంగతి. "థైరాయిడ్ చేయండి" అని వచ్చేవాళ్లందరికీ ఇన్నాళ్లూ ప్రొఫైల్ రాసేశాం, అంటే థైరాయిడ్ తయారుచేసే టీ3, టీ4 హార్మోన్లు, టీఎస్‌హెచ్, మూడూ. మా దగ్గర ప్రొఫైల్ 500, టీఎస్‌హెచ్ ఒక్కటే అయితే 250. ఏది రాస్తే షాపుకి లాభమో మీకు తెలుసు. మామూలుగా చెక్ చేసుకునేవాళ్లకు, ఒకే డోసు మీద కుదురుగా ఉన్నవాళ్లకు మొదట టీఎస్‌హెచ్ ఒక్కటి చాలు. మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి థైరాయిడ్‌కి పెట్టే కేక లాంటిది టీఎస్‌హెచ్. రక్తంలో హార్మోన్ కొంచెం తగ్గినా ఆ కేక చాలా పెద్దదవుతుంది, అందుకే తేడా ముందు అక్కడే తెలుస్తుంది. టీఎస్‌హెచ్ పెరిగితే థైరాయిడ్ ఎక్కువైందని కంగారుపడి వచ్చేవాళ్లు వారానికి ఇద్దరైనా ఉంటారు, సంగతి సరిగ్గా దానికి ఉల్టా. (అన్నట్టు "నాకు థైరాయిడ్ ఉందా?" అని అడిగేవాళ్లకు మా అబ్బాయి "అందరికీ ఉంటుంది ఆంటీ, గొంతులో" అంటాడు. వద్దురా అన్నా వినడు.)

టీఎస్‌హెచ్ హద్దు దాటితే ఇకపై మీకు ఫోన్ చేసి, మీరు సరేనంటే, మిగిలిన సీరంలోనే ఫ్రీ టీ4 (ప్రొటీన్‌కి అంటుకోకుండా విడిగా ఉన్న టీ4) చేయిస్తాం. రెండో సూది ఉండదు. మామూలు ప్రొఫైల్‌లో ఉండేది టోటల్ టీ4, అంటే ప్రొటీన్‌కి అంటుకున్నదీ విడిగా ఉన్నదీ కలిపి. గర్భం వల్లా, గర్భనిరోధక గోలీల వల్లా రక్తంలో ఆ హార్మోన్‌ని మోసే ప్రొటీన్ పెరిగి, టోటల్ అంకె ఊరికే పెరుగుతుంది, ఫ్రీ టీ4కి ఆ గొడవ తక్కువ. పిట్యూటరీ సమస్య ఉన్నవాళ్లు, గర్భిణులు, థైరాయిడ్ ఎక్కువైందని మందు మొదలుపెట్టినవాళ్లు మాత్రం టీఎస్‌హెచ్ ఒక్కదానితో సరిపెట్టుకోకండి, డాక్టర్ రాసిన చీటీ ప్రకారమే చేయించుకోండి. యాంటీ టీపీఓ (థైరాయిడ్‌కి వ్యతిరేకంగా ఒంట్లో తయారయ్యే యాంటీబాడీల టెస్టు) ఒకసారి పాజిటివ్ వచ్చాక ప్రతి ఆరు నెలలకూ చేయించుకుంటే కొత్తగా తెలిసేదేమీ ఉండదు. ఎవరైనా అడిగితే ఇదే చెప్తున్నాం, కొందరు మాత్రం వినరు.

 

ప్రిపరేషన్ విషయంలోనూ మా తప్పుంది. థైరాయిడ్‌కి పరగడుపు తప్పనిసరి అని ఇన్నాళ్లూ అందరికీ చెప్పాం. తప్పనిసరి కాదు. కొలెస్ట్రాల్, ఫాస్టింగ్ షుగర్ కూడా కలిపి చేయించుకుంటే పరగడుపు కావాలి, థైరాయిడ్ ఒక్కటే అయితే అక్కర్లేదు. కానీ టీఎస్‌హెచ్ రాత్రి పూట ఎక్కువగా ఉండి మధ్యాహ్నానికి దిగుతుంది, తిన్నాక కూడా కొంచెం తగ్గుతుంది. మార్చిలో ఉదయం ఏడుకి, సెప్టెంబర్‌లో సాయంత్రం ఐదుకి ఇస్తే ఆ రెండు అంకెలనూ పోల్చలేం. ఇందిరా పార్కులో వాకింగ్ చేసి దారిలో మా దగ్గర ఆగేవాళ్ల రిపోర్టులు ఏడాదికేడాది చక్కగా పోల్చుకునేలా ఉండటానికి కారణం ఇదే, రోజూ ఒకే టైము. మంచినీళ్లు మాత్రం తాగి రండి, ఎండిపోయి వస్తే నరం దొరక్క ఇద్దరికీ బాధ.

గోలీ వాడేవాళ్లు రక్తం ఇచ్చాకే ఆ రోజు గోలీ వేసుకోవాలి. వేసుకున్న కొన్ని గంటలపాటు రక్తంలో టీ4 పైకి లేస్తుంది. ఒక గోలీ కాగితంలో చుట్టుకుని తెచ్చుకోండి, నీళ్లు మేమిస్తాం. వేసుకున్నాక అరగంట నుంచి గంట ఆగండి, పక్క హోటల్ ఇరానీ చాయ్ ఎక్కడికీ పోదు. "గోలీ లేకుండా అసలు ఎంతుందో చూద్దాం" అని నాలుగు రోజులు మానేసి వచ్చేవాళ్లుంటారు. అలా చేయొద్దు, ఆ రిపోర్టు చూసి డాక్టర్ డోసు పెంచేస్తారు. డోసు మారిన రెండు వారాలకే చూపించుకున్నా లాభం లేదు. మందు ఒంట్లో సర్దుకోవడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది.

అన్నిటికంటే నాకు టెన్షన్ పెట్టింది జుట్టు గోలీలు. ఆగస్టులో హాస్టల్‌లో ఉండే ఒక అమ్మాయి రిపోర్టులో టీఎస్‌హెచ్ దాదాపు లేనట్టే, టీ3, టీ4 బాగా పైన. నెట్‌లో చదువుకుని ఏడుస్తూ వచ్చింది. డాక్టర్ అడిగితే తేలింది, జుట్టు రాలుతోందని రోజుకు 10 మిల్లీగ్రాముల బయోటిన్ అనే విటమిన్ వాడుతోంది. మనిషికి రోజుకు కావాల్సింది 30 మైక్రోగ్రాములే. కొన్ని మెషీన్లు కొలవడానికి బయోటిన్‌నే జిగురులా వాడతాయి, రక్తంలో అది ఎక్కువుంటే లెక్క తప్పి థైరాయిడ్ ఎక్కువైనట్టు చూపిస్తాయి. కొత్త ల్యాబ్ మెషీన్ ఆ రకమే. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2017లోనే దీనిమీద హెచ్చరిక ఇచ్చింది, మేం మాత్రం ఎవరినీ అడగలేదు. ఆమె అవి ఆపాక మళ్లీ తీస్తే అంతా నార్మల్. జుట్టుకో గోళ్లకో గోలీలేవైనా వాడుతుంటే కనీసం రెండు రోజుల ముందు ఆపి రండి. డాక్టర్ రాసిందైతే ఆయన్ని అడిగే ఆపండి. సూది పట్టుకునే ముందు ఇప్పుడు మా అబ్బాయి ఈ ప్రశ్నలన్నీ అడుగుతాడు: ఏ గోలీలు వాడుతున్నారు, ఈ రోజు వేసుకున్నారా, గర్భమా, ఈమధ్య జ్వరం వచ్చిందా. విసుక్కోకండి. పెద్ద జ్వరం తగ్గగానే చేస్తే అంకెలు అటూ ఇటూ అవుతాయి, తొందర లేకపోతే కొన్ని వారాలు ఆగమంటాం.

250 కూడా కష్టమైనవాళ్లు సర్కారు బస్తీ దవాఖానాకి వెళ్లండి. అక్కడ డాక్టర్ రాస్తే తెలంగాణ డయాగ్నస్టిక్స్‌లో థైరాయిడ్ టెస్టు ఉచితం. నేనే చెప్తున్నానని మా ఆయన కోప్పడుతున్నారు, కోప్పడనివ్వండి.

జూన్ నుంచి సెప్టెంబర్ దాకా మా దగ్గర థైరాయిడ్ చేయించుకుని, టీఎస్‌హెచ్ 4కీ 7కీ మధ్య వచ్చినవాళ్లు పాత రిపోర్టు తీసుకుని రండి, పాత ల్యాబ్‌లో ఒకసారి ఉచితంగా చేయిస్తాను. ఈలోగా ఎవరి డోసైనా పెంచి ఉంటే మీరే తగ్గించేసుకోకండి, రెండు రిపోర్టులూ డాక్టర్‌కి చూపించండి. సోమవారం నుంచి శనివారం దాకా ఉదయం ఆరున్నర నుంచి పది వరకు, ఆదివారం తొమ్మిది వరకే.