క్యాషియర్‌కో న్యాయం, చైర్మన్‌కో న్యాయమా?

సంపాదకులకు నమస్కారం.

ముప్పై ఒక్క ఏళ్లు బ్యాంకు క్యాష్ కౌంటర్‌లో పనిచేసి రిటైరయ్యాను. సాయంత్రం లెక్కలో ఒక్క నోటు తగ్గినా చెమటలు పట్టేవి. కట్టలన్నీ విప్పి మళ్లీ లెక్కపెట్టడం, సొరుగు వెనకాల వెతకడం, అయినా దొరక్కపోతే జేబులోంచి కట్టి ఇంటికి వెళ్లడం. పొరపాటు నాది కాబట్టి కట్టాను.

మరి బ్యాంకునే ముంచినవాళ్ల సంగతేమిటి? 2008లో అమెరికా పెట్టుబడి బ్యాంకు లేమన్ బ్రదర్స్ కూలితే దాని అధిపతి రిచర్డ్ ఫుల్డ్ మీద క్రిమినల్ కేసే పెట్టలేదు. బ్రిటన్‌లో రాయల్ బ్యాంక్ ఆఫ్ స్కాట్లాండ్‌ను నిలబెట్టడానికి 4,500 కోట్ల పౌండ్ల ప్రజాధనం పోశారు. దాని సారథి ఫ్రెడ్ గుడ్‌విన్ పోగొట్టుకున్నది పెన్షన్‌లో కొంత, 2012లో ‘సర్’ బిరుదు. ఐస్‌లాండ్ మాత్రం ప్రత్యేక ప్రాసిక్యూటర్‌ను పెట్టి, కౌప్‌థింగ్ బ్యాంకు మాజీ అధిపతిని జైలుకు పంపింది. అంత చిన్న దేశానికి చేతనైంది పెద్ద దేశాలకు ఎందుకు కాలేదు?

ప్రతి నష్టమూ నేరం కాదు, ఒప్పుకుంటాను. కానీ లాభాలు చూపించి తీసుకున్న బోనస్, ఆ లాభాలు ఉత్తివని తేలాక వెనక్కి కట్టాలి కదా! ఏ అప్పుకు ఎవరు సంతకం పెట్టారో ఫైల్లోనే ఉంటుంది. 2016 నుంచి బ్రిటన్ బ్యాంకుల్లో ఏ పనికి ఏ పెద్ద అధికారి బాధ్యుడో ముందే రాసిపెట్టాలి. ఆ పద్ధతి అన్నిచోట్లా రావాలి.

బ్యాంకు మూతపడిన రోజు షట్టర్ బయట పాస్‌బుక్ పట్టుకుని ఏడ్చేవాళ్లకు జవాబు చెప్పాల్సి వచ్చేది కౌంటర్ ఉద్యోగులే. సంతకాలు పెట్టినవాళ్లు కూడా అక్కడికి వచ్చి నిలబడాలి.

— ఒక రిటైర్డ్ క్యాషియర్