చొక్కా ఆరే చోటు కావాలి: సంక్షేమ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర సంక్షేమ శాఖ మంత్రివర్యులకు నమస్కారాలు.

నేను ఉమ్మడి నల్లగొండ జిల్లాలోని జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాలల్లో ముప్పై ఏళ్లకు దగ్గరగా జీవశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయురాలిని. నేను పనిచేసిన బడులన్నిటికీ ప్రభుత్వ వసతిగృహాల పిల్లలు వచ్చేవారు. వాళ్ల భోజనం గురించి, చదువు గురించి మీకు విన్నవించేవారు చాలామందే ఉంటారు. నేను రాస్తున్నది ఎవరూ మర్యాద కొద్దీ పైకి ఎత్తని విషయం. ఆ పిల్లల ఒంటి నుంచి, బట్టల నుంచి వచ్చే చెమట వాసన గురించి, దాని వల్ల వాళ్లు తరగతి గదిలో పడే అవమానం గురించి, దాన్ని తగ్గించడానికి మీ శాఖ చేయగలిగిన పనుల గురించి ఈ లేఖ.

ఒక ఏడాది జూలై నెలలో నాలుగు రోజులు ఎడతెగని ముసురు పట్టింది. ఎనిమిదో తరగతిలో ఒక అబ్బాయి ఆఖరి బెంచీ మీద ఒంటరిగా కూర్చున్నాడు. పక్కన కూర్చోవలసిన ఇద్దరూ ముందు బెంచీలో ఇరుక్కుని కూర్చుని ముక్కులు మూసుకుంటున్నారు. పాఠం అయిపోయాక అతన్ని వరండాలోకి పిలిచి, "రేపటి నుంచి స్నానం చేసి రా నాయనా" అన్నాను. తల వంచుకుని, "పొద్దుగాల్నే చేసిన మేడం" అన్నాడు. దగ్గరికి వెళ్లి చూస్తే అతను చెప్పింది నిజమే. చెవుల వెనక జుట్టు ఇంకా తడిగా ఉంది, మెడ దగ్గర సబ్బు వాసన వస్తోంది. కంపు కొడుతున్నది చొక్కా. మోచేతి దగ్గర పట్టుకుని చూస్తే అది కూడా తడిగానే ఉంది. ఉన్న రెండు జతల్లో ఒకటి చంక కింద చిరిగిపోతే, మిగిలిన ఒక్క చొక్కానే రాత్రి ఉతికి, ఆరేసుకునే చోటు లేక గదిలో ట్రంకు పెట్టె మీద పరిచి, తెల్లవారాక ఆ తడి చొక్కానే తొడుక్కుని వచ్చాడు. శుభ్రంగా ఉండడానికి తన చేతిలో ఉన్నదంతా చేసిన పిల్లవాడికి నేను శుభ్రత గురించి బుద్ధి చెప్పాను. ఆ రోజు నుంచి ఈ విషయాన్ని నేను వేరే కళ్లతో చూడడం మొదలుపెట్టాను.

చెమటకు తనంతట తానుగా వాసన దాదాపు ఉండదు. మనిషి ఒంటి మీద ఇరవై నుంచి నలభై లక్షల దాకా స్వేదగ్రంథులు ఉంటాయి. వాటిలో ఎక్కువ భాగం ఒంటిని చల్లబరచడానికి నీళ్లలాంటి చెమటను విడుస్తాయి. చంకల్లో, గజ్జల్లో ఉండే మరో రకం గ్రంథులు మాత్రం పుట్టినప్పటి నుంచి ఉన్నా, కౌమారదశ వచ్చాకే పనిలో పడతాయి. అవి విడిచే చిక్కని స్రావంలో కొవ్వులు, మాంసకృత్తులు ఉంటాయి. చర్మం మీద ఎప్పుడూ ఉండే బ్యాక్టీరియా వాటిని తిని విరగ్గొట్టినప్పుడు పుట్టే ఆమ్లాలు, గంధకం కలిసిన పదార్థాలే మనం కంపు అనేవి. నిన్నటి దాకా ఏ వాసనా లేని పిల్లవాడు ఆరో తరగతికో ఏడో తరగతికో వచ్చేసరికి ఒక్కసారిగా వాసన వేయడానికి కారణం ఇదే. ఇందులో అతని తప్పు గానీ, కులం తప్పు గానీ, ఇంటి పెంపకం తప్పు గానీ ఏమీ లేదు. కులం మాట కావాలనే రాస్తున్నాను. వసతిగృహం పిల్లలను "వాసన" పేరుతో దూరంగా కూర్చోబెట్టినప్పుడు ఆ దూరానికి మన సమాజంలో ఉన్న పాత అర్థం ఏమిటో మీకు నేను చెప్పనక్కర లేదు.

వాసనలో సగం ఒంటిది, సగం బట్టది. చంక కింద బట్టలో చేరిన కొవ్వు మామూలు జాడింపుతో పోదు. ఉతికిన చొక్కా ఉదయం తొడుక్కున్నప్పుడు ఏ వాసనా లేకుండా ఉండి, ఒంటి వేడి తగిలిన పది నిమిషాలకు మళ్లీ కంపు కొట్టడం అందరికీ అనుభవమే. లోపల మిగిలిన మురికి, దాన్ని పట్టుకుని ఉన్న బ్యాక్టీరియా ఆ వేడికి మళ్లీ లేస్తాయి. నూలు బట్టతో పోలిస్తే పాలిస్టర్ బట్ట ఈ వాసనను ఎక్కువగా పట్టి ఉంచుతుందని పరిశోధనల్లో తేలింది. ఏకరూప దుస్తుల గుడ్డలో మాత్రం మన్నిక కోసం, తక్కువ ధర కోసం పాలిస్టరే ఎక్కువగా కలుపుతున్నారు. దానికి తోడు తడి బట్ట గంటల తరబడి ఆరకపోతే అందులో ఇంకో రకం బ్యాక్టీరియా పెరిగి ముక్కవాసన పడుతుంది. ఎండలో, గాలిలో త్వరగా ఆరిన బట్టకు ఆ బెడద ఉండదు. మన అమ్మమ్మలు ఉతికిన బట్టలను తిరగేసి ఎండకు వేసింది ఊరికే కాదు, చెమట పట్టేది లోపలి వైపే కదా.

నేను చూసిన వసతిగృహాల్లో వందమంది పిల్లలకు రెండు మూడు దండేలకు మించి లేవు. మిగిలినవారు కిటికీ ఊచల మీద, మంచాల అంచుల మీద, మెట్ల కమ్మీల మీద బట్టలు వేసేవారు. ఒకదాని మీద ఒకటి వేసిన బట్టలు రెండో రోజుకు కూడా ఆరవు. పైన రేకులు వేసి, చుట్టూ గాలి ఆడేలా వదిలిన ఒక షెడ్డు, అందులో వరుసగా ఇనుప తీగలు, ఎండ కాసే రోజుల కోసం ఆరుబయట మరికొన్ని దండేలు ఉంటే చాలు. ఒక వసతిగృహానికి ఇంతకన్నా తక్కువ ఖర్చుతో ఇంత మేలు చేసే పని నాకు ఇంకొకటి కనిపించడం లేదు.

నీళ్ల సంగతి దీనికన్నా పెద్దది. చాలా చోట్ల స్నానానికి నీళ్లు ఉదయం ఒక్క పూటే, అదీ ప్రార్థన గంటకు ముందు కాసేపే వస్తాయి. పది నల్లాల దగ్గర వందమంది పిల్లలు నిలబడితే ఒక్కొక్కరికి దొరికేవి నాలుగైదు మగ్గులు. తల మీద నుంచి నీళ్లు పోసుకుని పరుగెత్తే స్నానంలో చంకలకు, గజ్జలకు, వేళ్ల సందులకు సబ్బు చేరదు, చేరినా కడిగే తీరిక ఉండదు. పిల్లలకు అసలు చెమట పట్టేది సాయంత్రం ఆటల తర్వాత. ఆ వేళకు నీళ్లు ఉండవు. ఆ చెమటతోనే పడుకుంటారు, ఆ దుప్పటే మళ్లీ కప్పుకుంటారు. ఉదయం స్నానం తప్పనిసరి అని నియమం పెట్టిన మనం సాయంత్రం స్నానానికి నీళ్లు ఇస్తే ఫలితం రెట్టింపు ఉంటుంది. ఇక చలికాలంలో ఆదిలాబాద్, కుమురం భీం జిల్లాల్లో తెల్లవారుజామున చలి పది డిగ్రీల కంటే దిగువకు పడిపోతుంది. అలాంటి పూట చన్నీళ్ల దగ్గరికి వెళ్లని పిల్లవాడిని బద్ధకస్తుడని అనడం అన్యాయం. సోలార్ హీటర్లు ఉన్న చోట అవి పనిచేస్తున్నాయో లేదో చూడాలి, లేని చోట పెట్టించాలి.

మా వైపు బోరు నీళ్లకు ఇంకో చిక్కు ఉంది. ఆ నీళ్లలో సబ్బు నురగ రాదు. నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు సబ్బుతో కలిసి తెల్లని తెట్టు కడతాయి. ఆ తెట్టు ఒంటికీ పడుతుంది, బట్టకూ పడుతుంది. పిల్లలు సబ్బు అరగదీస్తారు తప్ప మురికి వదలదు. ఇలాంటి చోట్ల బట్టలకు మామూలు సబ్బు బిళ్ల బదులు డిటర్జెంట్ పొడి ఇవ్వడం, ఆఖరి జాడింపుకైనా మిషన్ భగీరథ పథకం కింద వచ్చే మంచినీళ్లు వాడుకోనివ్వడం వంటి చిన్న నిర్ణయాలు చాలా తేడా తెస్తాయి.

ఆడపిల్లల గురించి విడిగా చెప్పాలి. లోదుస్తులు పైకి కనిపించేలా ఆరేయడం సిగ్గని చిన్నప్పటి నుంచి నేర్పాం కాబట్టి వాళ్లు వాటిని లంగా కిందో తువ్వాల కిందో దాచి నీడలో వేస్తారు. నెలసరి గుడ్డలు వాడే పిల్లలైతే వాటిని పెట్టె వెనక చీకట్లో ఆరేస్తారు. అవి ఆరవు. వాసనతో పాటు దురద, తామర అక్కడి నుంచే మొదలవుతాయి. బాలికల వసతిగృహాల్లో చుట్టూ గోడ ఉండి పైన ఎండ పడే ఒక పెరడు, మగవారు ఎవరూ రాని చోటు, కేవలం బట్టలు ఆరేసుకోవడానికే కేటాయించండి. ఒక అమ్మాయి నాతో, "మేడం, ఎండలో ఎయ్యాలని ఉంటది, వాచ్‌మన్ అటే కూసుంటడు" అంది. నిర్మాణ పథకాలు గీసే ఇంజినీర్ల చెవిన ఈ మాట పడాలి.

కాళ్ల సంగతి క్లుప్తంగా చెబుతాను. రోజంతా బూట్లలో ఉన్న పాదాలు చెమట పడతాయి, ఆ బూటు ఆరడానికి ఒక పగలూ ఒక రాత్రీ కావాలి. ఒక్క జత సాక్సులు ఉన్న పిల్లవాడు ఏం చేయగలడు? కనీసం మూడు జతల నూలు సాక్సులు, వానాకాలంలో బూట్ల బదులు చెప్పులు వేసుకునే అనుమతి ఇవ్వమని కోరుతున్నాను.

2024లో మీ ప్రభుత్వం వసతిగృహాల డైట్ ఛార్జీలను, అంటే భోజనం ఖర్చును, 40 శాతం, సబ్బు, నూనె వంటి వాటికి ఇచ్చే కాస్మెటిక్ ఛార్జీలను సుమారు 200 శాతం పెంచింది. ఎన్నో ఏళ్లుగా ఎదురుచూసిన ఆ పెంపునకు ఒక ఉపాధ్యాయురాలిగా మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు చెబుతున్నాను. అయితే ఆ కాస్మెటిక్ డబ్బుతో ఏం కొనాలో పిల్లలకు చెప్పేవారు లేరు. టీవీలో చూసిన సెంటు స్ప్రే కొని కడగని చంక మీద కొట్టుకుంటారు, పౌడరు దట్టంగా రాసుకుంటారు. స్ప్రే వాసనను కాసేపు కప్పుతుంది, చెమటలో తడిసిన పౌడరు ముద్దకడుతుంది. డబ్బు తక్కువగా ఉన్న పిల్లవాడు ముందు కొనవలసింది ఒంటి సబ్బు, బట్టల పొడి, సొంత తువ్వాల, ఒక అదనపు బనీను. పై తరగతుల పిల్లల్లో చెమట మరీ ఎక్కువ పట్టేవారికి పటిక ముక్క కూడా కొంత పనికొస్తుంది. స్నానం చేశాక చంకను తడిపొడిగా ఉంచి రుద్దుకుంటే సరిపోతుంది, పుండు గానీ గాటు గానీ ఉన్న చోట మాత్రం రుద్దకూడదు. క్షౌరశాలల్లో గడ్డం గీశాక రాసేది ఇదే. పటిక ఒక అల్యూమినియం లవణం, బజారులో దొరికే చెమట తగ్గించే మందుల్లో ఉండేవీ అల్యూమినియం లవణాలే.

ఇవన్నీ పిల్లలకు చెప్పే పాఠం మన దగ్గర లేకపోలేదు. కౌమారదశ పాఠం ఎనిమిదో తరగతి జీవశాస్త్రంలో ఉంది. కానీ చాలామంది ఆడపిల్లలకు ఆ మార్పులు అంతకు రెండు మూడేళ్ల ముందే మొదలవుతాయి. ఆరో తరగతిలో చేరిన మొదటి నెలలోనే వసతిగృహంలో ఒక సాయంత్రం కూర్చోబెట్టి, ఆడపిల్లలకు టీచరమ్మ, మగపిల్లలకు మాస్టారు, ఎక్కడ ఎలా సబ్బు రుద్దుకోవాలో, కడిగాక తువ్వాలతో ఎందుకు పొడిగా తుడుచుకోవాలో, చొక్కాను తిరగేసి చంక భాగాన్ని ఎలా నానబెట్టి ఉతకాలో చేసి చూపించాలి. గంట పని అది. కౌమారదశ పిల్లల ఆరోగ్యం కోసం 2014 నుంచి రాష్ట్రీయ కిశోర స్వాస్థ్య కార్యక్రమం అమలులో ఉంది, దాని సిబ్బంది సాయం తీసుకోవచ్చు. ఎంత శుభ్రంగా ఉన్నా వాసన తగ్గని పిల్లలు, అరచేతులు కారేంత చెమట పట్టే పిల్లలు కొందరు ఉంటారు. వారిని బడులకు వచ్చి పిల్లలను పరీక్షించే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం వైద్య బృందానికి చూపించాలి, అది జబ్బు కావచ్చు.

వార్డెన్లకు, ఉపాధ్యాయులకు ఒక ఉత్తర్వు కూడా కావాలి. వాసన గురించి ఏ పిల్లవాడితోనైనా నలుగురిలో మాట్లాడకూడదు. పక్కకు పిలిచి, ముందు "చొక్కా ఆరిందా?" అని అడగాలి. స్నానం గురించి అడగడం ఆ తర్వాత. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో ఈ వరుస తెలుసుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

మీరు వసతిగృహాల తనిఖీకి వెళ్లినప్పుడు వంటగదిలో అన్నం రుచి చూస్తారు, అది మంచి సంప్రదాయం. ఈసారి సాయంత్రం ఆరు గంటలకు, వానాకాలంలో, ముందుగా చెప్పకుండా వెళ్లండి. స్నానాల గదిలో నల్లా తిప్పి చూడండి. తర్వాత భవనం వెనక్కి నడిచి, పిల్లల బట్టలు ఎక్కడ వేలాడుతున్నాయో చూసి, ఒక చొక్కా చేత్తో పట్టుకుని చూడండి.

ఇట్లు,
పదవీ విరమణ చేసిన ఒక జీవశాస్త్ర ఉపాధ్యాయురాలు