నేల పెంకుపురుగుల పెంపకంపై చట్టం గుర్తుండాలి

సంపాదకులకు నమస్కారం.

నల్లటి ఒంటిపై ఆరు తెల్ల మచ్చలతో మన పొడి నేలల్లో తిరిగే ఆంథియా సెక్స్‌గుట్టాటా అనే వేట పెంకుపురుగు ఇప్పుడు విదేశీ పెంపకందారుల గాజుపెట్టెల్లోనూ కనిపిస్తోంది. ఎగరలేని ఈ పురుగును బతికించడం పెద్ద కష్టం కాదు. ఇసుక కలిపిన మట్టి, నక్కడానికి ఒక పెంకుముక్క, తినడానికి కీచురాళ్లు ఉంటే చాలు. బెదిరితే అది చిమ్మే ఫార్మిక్ ఆమ్లం కళ్లలో పడకుండా చూసుకోవాలి (ముచ్చటపడి ముఖం దగ్గరికి తెచ్చుకోవద్దు).

అసలు చిక్కు సంతతి దగ్గరే వస్తుంది. నేల పెంకుపురుగుల పిల్లలు కూడా వేటగాళ్లే కాబట్టి, ఒకే డబ్బాలో ఉంచితే ఒకదాన్నొకటి తినేస్తాయి. మట్టి మరీ ఎండితే వడలిపోతాయి, మరీ తడిస్తే బూజు పట్టి చస్తాయి. అందువల్ల అమ్మకానికి పెట్టినవి చాలావరకు బయట పట్టినవేనని అనుమానించక తప్పదు. విదేశీయులు మన జీవవనరులను సేకరించాలంటే 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ ముందస్తు అనుమతి ఉండాలి.

పెంపకాన్ని నేను కాదనడం లేదు. అమెరికా 1905 నుంచి ఐరోపా నుంచి కాలోసోమా అనే నేల పెంకుపురుగులను తెప్పించి, మసాచుసెట్స్‌లో పెంచి, ఆకులు తినే జిప్సీ మాత్ అనే చిమ్మట గొంగళిపురుగులపైకి వదిలింది. మన వ్యవసాయ కళాశాలలు స్థానిక జాతులపై అలాంటి పని చేపడితే రైతుకు మేలు.

– ఒక పాఠకుడు, అనంతపురం