ఇల్లు మారలేదు నాన్నా, వీధి పేరే మారింది

నాన్నా,

ఆవకాయ పార్సిల్ నిన్న చేరింది. మూత దగ్గర నూనె కారి నీ చేతిరాత సగం అలుక్కుపోయింది గానీ "కార్న్‌వాలిస్ స్ట్రీట్" అన్న ముక్క మాత్రం చెక్కుచెదరలేదు. పాత పేరు చూసి పోస్టతను నవ్వుకుంటూ ఇచ్చి వెళ్లాడు. ఇల్లు మారకుండా అడ్రస్ ఎలా మారిందే అని అడిగావు కదా, ఫోన్లో అయితే మధ్యలో నువ్వే పాఠం మొదలుపెడతావు, అందుకే రాస్తున్నా.

ముందు ఒకటి. మా వీధికి పేరున్న ఈయన నీ కార్న్‌వాలిస్ కాదు. శాశ్వత శిస్తు నిర్ణయం, 1793 అని నువ్వు ఏటా బోర్డు మీద రాసినాయన చార్లెస్. కెనడాలో నేనుండే ఈ హాలిఫాక్స్ ఆయన ఎడ్వర్డ్, చార్లెస్‌కి చిన్నాన్న. ఇక్కడ అందరూ అంకులే కాబట్టి మేనమామో చిన్నాన్నో తేల్చుకోడానికి నాకు ఒక పూట పట్టింది. ఆ చార్లెస్ పెట్టిన పద్ధతి 1802లో మన విజయనగరం వైపుకీ వచ్చి జమీందార్లకి సనదులు, అంటే హక్కు పత్రాలు ఇప్పించింది, ఆ శిస్తుల కథలు తాతయ్య చెప్పేవాడే. చిన్నాన్న సంగతి అంతకు యాభై ఏళ్ల ముందుది.

1749లో ఈయన గవర్నర్‌గా వచ్చి రెండున్నర వేల మందిదాకా జనాన్ని ఈ రేవులో దించి ఊరు కట్టడం మొదలుపెట్టాడు. నేల ఇక్కడి ఆదివాసులైన మిక్మా వాళ్లది, వాళ్లనెవరూ అడగలేదు. ఇది మాది అని వాళ్లు ఉత్తరం కూడా రాశారు. తర్వాత రేవుకి అవతలి ఒడ్డున డార్ట్‌మౌత్‌లో రంపపు మిల్లు దగ్గర పనివాళ్ల మీద పడి కొందరిని చంపారు. దాంతో అక్టోబర్‌లో ఈయన ప్రకటన వేయించాడు: మిక్మా మనిషిని పట్టి తెచ్చినా, చంపి నెత్తిచర్మం ఒలిచి తెచ్చినా పది గినీలు, అంటే అప్పటి ఇంగ్లీషు బంగారు నాణేలు, బహుమానం. ఆడామగా, పిల్లాపెద్దా తేడా ఏమీ రాయలేదు నాన్నా. మరుసటి ఏడాది రేటు పెంచాడు కూడా. 1752లో ప్రకటన రద్దయింది, అదే ఏడాది ఆయనా వెళ్లిపోయాడు. మొత్తం కలిపి మూడేళ్లు ఉన్నాడంతే, చనిపోయింది జిబ్రాల్టర్‌లో, అక్కడా గవర్నరే.

మా ఇంటి ఓనర్ పెద్దాయనకి ఈ పేరు మార్చడం అస్సలు నచ్చలేదు. ఊరు కట్టినవాడమ్మా, ఫ్రెంచివాళ్లు కూడా ఇంగ్లీషువాళ్ల నెత్తిచర్మాలకి డబ్బులిచ్చారు, ఈయన ఒక్కడినే బోనెక్కిస్తారేం అంటాడు. ఆ మాట నిజమే. కాకపోతే ఇక్కడి పార్కులో ఆయన విగ్రహం పెట్టింది 1749లో కాదు, 1931లో, రైల్వే వాళ్లు కూడా పూనుకుని, స్టేషన్ ఎదురుగా, టూరిస్టులు చూస్తారని! దాన్ని దించితే చరిత్ర పోతుందంటే నాకు నవ్వొచ్చింది, ఆయన ముందు నవ్వలేదులే, హీటర్ బాగుచేయించాలి కదా.

డేనియల్ పాల్ అనే మిక్మా చరిత్రకారుడు ఏళ్ల తరబడి రాసీ పోట్లాడీ ఈ సంగతి జనం ముందు పెట్టాడు. చివరికి విగ్రహం తీసెయ్యాలని 2018 జనవరిలో నగర కౌన్సిల్‌లో 12-4 ఓట్లతో తేలింది, క్రేన్ తెచ్చి దించి గోడౌన్‌లో పెట్టారు. మొన్న ఆదివారం ఆ పార్కుకి వెళ్లాను. పీస్ అండ్ ఫ్రెండ్‌షిప్ పార్క్ అని రాసుంది. కుక్కని తిప్పుతున్న ఒకావిడని విగ్రహం ఎక్కడుండేదని అడిగితే కాసేపు ఆలోచించి మంచులోకి చెయ్యి చూపించి, తర్వాత ఇంకోవైపు చూపించింది.

మా వీధి పేరు మారింది 2023 అక్టోబర్‌లో. ఇప్పుడు నోరా బెర్నార్డ్ స్ట్రీట్. ఆవిడ మిక్మా ఆవిడే, చిన్నప్పుడు అమ్మానాన్నల నుంచి వేరుచేసి పెట్టిన షుబెనకాడీ హాస్టల్ బడిలో చదివింది. అలాంటి బళ్లలో నలిగినవాళ్లందరి తరఫునా కోర్టుకెక్కింది, దేశమంతటా దాదాపు 79 వేల మందికి పరిహారం దాకా వెళ్లింది ఆ కేసు.

పేర్లు తీసేస్తే పిల్లలకి ఏం చెప్తాం అన్నావు. నేను రెండేళ్లు కార్న్‌వాలిస్ స్ట్రీట్‌లో ఉన్నాను నాన్నా, ఆయనెవరో ఒక్కరోజూ వెతకలేదు, నీ కూతుర్ని అయ్యుండి. బ్యాంకులో అడ్రస్ మార్చమన్నప్పుడు వెతికాను.

ఈసారి పార్సిల్ మీద కొత్త పేరు రాయి. డబ్బా మూతకి రెండు చుట్లు టేపు ఎక్కువ వెయ్యమని అమ్మకి చెప్పు.

నీ చిన్ని