కాపలా అంటే ఏమిటో చెబుతాను, విను

రాజమహేంద్రవరం

ఒరేయ్ సూర్యం,

నీ ఉత్తరం నిన్న మధ్యాహ్నం అందింది. ఫోను చేతిలో ఉండగా ఉత్తరం రాశావంటేనే మనసులో ఏదో నలుగుతోందని అర్థమైంది. మీ చిన్నవాడికి సాయుధ రిజర్వులో ఎస్సై ఉద్యోగం వచ్చిందన్న కబురు మొదటి వాక్యంలో ఉంది, మిగిలిన రెండు పేజీలూ దిగులే. "సివిల్ ఎస్సై వచ్చి ఉంటే స్టేషనూ, జీపూ, నలుగురిలో పేరూ ఉండేవి. వీడు జన్మంతా తుపాకి పట్టుకుని కాపలా కాయాలి కదరా" అన్నావు. చనువు కొద్దీ అన్నావని తెలుసు. అయినా ఆ మాట దగ్గర చాలాసేపు ఆగిపోయాను. ముప్పై మూడేళ్లు నేను చేసింది ఆ కాపలానే. జవాబు రాసిగానీ పడుకోకూడదని కూర్చున్నాను.

ముందు ఒక్క సంగతి తేల్చుకుందాం. రిజర్వు అంటే మిగిలిపోయినవాళ్లు కాదు. కేసు కట్టడం, దర్యాప్తు చేయడం స్టేషనువాళ్ల పని. బెటాలియన్లలోని స్పెషల్ పోలీసులు రాష్ట్రమంతటికీ చెందుతారు. జిల్లా ఎస్పీ చేతికింద, పిలిస్తే పలికేలా, ఆయుధంతో సిద్ధంగా ఉండే బలం మాది. ఊళ్లో జాతర జరిగినా, మంత్రి వచ్చినా, రెండు వీధుల మధ్య చిచ్చు రేగినా స్టేషనులో ఉన్న కొద్దిమంది చాలరు. అప్పుడు మా బలగం ఉండే పోలీసు లైన్ల నుంచి లారీ బయలుదేరుతుంది. ఖజానాల దగ్గర గార్డు మాది. జైలు నుంచి ఖైదీని కోర్టుకు తీసుకువెళ్లేది మేం. ప్రముఖుల వెంట గన్‌మన్లుగా వెళ్లేది మావాళ్లే. పోలీసు బళ్లు నడిపేదీ, వాటిని కండిషన్‌లో ఉంచేదీ మావాళ్లే. ఆర్ఎస్ఐగా, అంటే రిజర్వు ఎస్సైగా, మీవాడు వీటిలో దేనికైనా నాయకత్వం వహించాలి. ఆర్ఐ, అంటే రిజర్వు ఇన్‌స్పెక్టరు, అయ్యాక లైన్ల పాలన, సంక్షేమం, వాహనాలు, హోంగార్డులు, వీటిలో ఏదో ఒకటి చూసుకోవాలి.

వాడికి మొదట రావలసింది లెక్క. నవ్వకు, నిజం చెబుతున్నాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో మా కంపెనీని ఫైరింగ్ రేంజికి తీసుకువెళ్లారు. కాల్చిన ప్రతి తూటాకూ పేలిన తొడుగు తిరిగి అప్పగించాలి. దాన్ని మేం ఎంప్టీ అంటాం. సాయంత్రం లెక్క చూస్తే ఒక్క ఎంప్టీ తక్కువ వచ్చింది. అరచేతిలో ఇమిడిపోయే ఇత్తడి ముక్క, మళ్లీ పేలేది కాదు. అయినా అరవై మందిమి మోకాళ్ల మీద పాకుతూ గడ్డిలో వెతికాం. పొద్దు వాలింది. నాకు లోపల చిరాకు పుట్టింది, ఇంత చిన్నదానికి ఇంత హింసా అని. చివరికి అది ఒక కుర్రవాడి బూటుకూ మేజోడుకూ మధ్య దొరికింది. మా హెడ్‌కానిస్టేబుల్ దాన్ని తుడిచి సంచిలో వేస్తూ, "సార్, ఈ రోజు ఎంప్టీ పోయినా ఫరవాలేదనుకుంటే రేపు తూటా పోయినా ఫరవాలేదనిపిస్తుంది" అన్నాడు. ఆయన నాకంటే కింది హోదావాడు. నాకు ఈ ఉద్యోగం నేర్పినవాళ్లలో ఆయనే మొదటివాడు. మీవాడితో చెప్పు, భుజం మీద నక్షత్రాలు ఉన్నంతమాత్రాన పాత హెడ్‌కానిస్టేబుళ్లను తీసిపారేయవద్దని.

ఇక నిలబడడం. 2009 ఎన్నికల్లో మాకు ఏప్రిల్ 23న పోలింగు, మే 16న లెక్కింపు. ఆ ఇరవై మూడు రోజులూ ఓటింగు యంత్రాలున్న గదులను కాయాలి. గోదావరి జిల్లాల్లో ఆ ఎండ ఎలా ఉంటుందో నీకు నేను చెప్పాలా! రెండు గంటలకొకసారి సెంట్రీ మారుతుంది. ఎదురుగా మూసిన తలుపు, దానిమీద లక్క సీలు. ఏమీ జరగదు. ఏమీ జరగకపోవడమే మా పని అని బయటివాళ్లకు అర్థం కాదు. రాత్రి మూడింటికి, ఎవరూ చూడని వేళ, ఆ తలుపు ముందు కళ్లు తెరిచి నిలబడినవాడి మీద లక్షల ఓట్లు ఆధారపడి ఉన్నాయి. నువ్వు వేసిన ఓటుకు కాపలా కాసినవాడిని తక్కువగా చూడగలవా? నేను చూడలేను.

ఎస్కార్టు డ్యూటీ గురించి ఎక్కువ రాస్తాను, ఎందుకంటే మనిషి గుణం అక్కడే బయటపడుతుంది. సెంట్రల్ జైలు నుంచి ఖైదీని తీసుకుని రైల్లో దూరప్రాంతపు కోర్టుకు వెళ్తాం. వాడు పారిపోతే మన ఉద్యోగం పోతుంది. ఆ భయంతో పశువును కట్టినట్టు కట్టేయాలనిపిస్తుంది. కానీ బేడీలు వేయడం రివాజుగా సాగకూడదని సుప్రీంకోర్టు 1980లోనే ప్రేంశంకర్ శుక్లా కేసులో చెప్పింది. 2024 జూలై 1 నుంచి వచ్చిన కొత్త నేర ప్రక్రియా చట్టం, నాగరిక్ సురక్షా సంహిత, కొన్ని తీవ్రమైన నేరాలకు వీలు కల్పించింది, నిజమే. అక్కడ కూడా మన చిరాకు కొలమానం కాదు, నేరం స్వభావం చూడాలి.

ఒకసారి ఇరవై ఏళ్ల రిమాండు కుర్రవాడిని తీసుకువెళ్లాం. కోర్టు ఆవరణలో వాళ్ల అమ్మ టిఫిన్ క్యారియరుతో నిలబడి ఉంది. బయటి తిండి పెట్టనివ్వకూడదు, అందులో ఏముందో ఎవరికి తెలుసు. నేను వద్దని గట్టిగా కసిరాను. ఆవిడ ఏమీ అనకుండా క్యారియరు కొంగు చాటున దాచుకుంది. నియమం ప్రకారం నేను చేసింది సరే. కసరడం మాత్రం ఏ నియమంలోనూ లేదు. "అమ్మా, ఇవ్వకూడదమ్మా, వాడికి మేం భోజనం పెట్టిస్తాం" అంటే సరిపోయేది. ఇన్నేళ్లయినా ఆ కొంగు నా కళ్లముందు నుంచి పోలేదు. కాఠిన్యం లేకుండా కచ్చితంగా ఉండడం మీవాడు నాకంటే ముందే నేర్చుకోవాలి.

నువ్వు తుపాకి అన్నావు కదా, దాని సంగతీ విను. ఒక గొడవలో నా ప్లటూను మీద రాళ్లు పడ్డాయి. మా పద్ధతి నీకూ తెలిసిందే, ముందు మాట, తరువాత హెచ్చరిక, తరువాత బాష్పవాయువూ లాఠీలూ. ఏ దారీ మిగలనప్పుడే కాల్పులు, అవీ ఆజ్ఞ అయితేనే, నడుము కిందికే. నా పక్కనున్న కానిస్టేబులుకు నుదుటి మీద రాయి తగిలి రక్తం కంట్లోకి కారింది. వాడు తుపాకి ఎత్తాడు. నేను అరవలేదు. అరిస్తే ఉలిక్కిపడి ట్రిగ్గరు నొక్కేవాడేమో. గొట్టం మీద చెయ్యి వేసి మెల్లగా కిందికి వంచాను. ఎండకు కాలిన ఇనుము అరచేతికి చురుక్కుమంది. పది నిమిషాల్లో గుంపు వెనక్కి తగ్గింది. అటువైపు రాళ్లు వేసినవాళ్లలో చాలామంది కాలేజీ పిల్లలు, మీవాడి ఈడువాళ్లు. ఆ రోజు కాల్పులు జరగలేదు కాబట్టి మరునాడు పత్రికల్లో నాలుగు వరుసలకు మించి రాలేదు. నా ఉద్యోగంలో నేను చేసిన గొప్ప పని ఏమిటని ఎవరైనా అడిగితే ఆ నాలుగు వరుసలే చూపిస్తాను.

ఎస్సైగా వాడు డ్యూటీ చార్టు వేయాలి. పైకి గుమాస్తా పనిలా ఉంటుంది గానీ, లైన్లలో సగం కన్నీళ్లు దానిలోంచే వస్తాయి. నా మొదటి రోజుల్లో ఒక పై అధికారి తనకు నచ్చినవాళ్లకు పగటి గార్డులు, నచ్చనివాళ్లకు పండగ పూట దూరపు బందోబస్తులు వేసేవాడు. కూతురి సీమంతానికి సెలవు అడిగిన మనిషిని వరసగా మూడోసారి బయటి డ్యూటీకి పంపాడు. ఆ మనిషి ముఖం చూశాక నాకు నేను ఒట్టు పెట్టుకున్నాను, నా చార్టు ఎవరైనా గోడ మీద చదువుకునేలా ఉండాలని. ఇంకొకటి, ఆయుధాగారం దగ్గర తుపాకి అందించేటప్పుడు రిజిస్టరులో బట్ నంబరే (తుపాకి మడమ మీది సంఖ్యే) కాదు, పుచ్చుకునేవాడి ముఖం కూడా చూడాలి. నిద్ర లేని కళ్లు, ఎవరితోనూ మాట్లాడని తీరు కనిపిస్తే ఆ రోజు వాడికి తుపాకి ఇవ్వకూడదు. నేను ఒకణ్ని అలా ఆపి, ఆఫీసు పని అప్పగించి, సాయంత్రం మా ఇంటికి భోజనానికి పిలిచాను. అన్నం మధ్యలో బావురుమన్నాడు. అప్పులు, ఇంట్లో గొడవలు. ఇప్పుడు రిటైరై మనవలతో హాయిగా ఉన్నాడు, ప్రతి ఉగాదికీ ఫోను చేస్తాడు.

అక్టోబరు 21న వాడిని పరేడులో చూడడానికి తప్పకుండా వెళ్లు. 1959లో లద్దాఖ్‌లోని హాట్ స్ప్రింగ్స్ దగ్గర చైనా సైన్యం చేతిలో పదిమంది పోలీసులు చనిపోయిన రోజు అది. తుపాకీ గొట్టాలు నేలవైపు తిప్పి, తలలు వంచి వరసగా నిలబడతారు. ఆ ఏడాది దేశంలో విధి నిర్వహణలో పోయిన పోలీసుల పేర్లు చదువుతారు. నువ్వు అక్కడ ఉంటే నేను ఇంత పొడుగు ఉత్తరం రాయనవసరం ఉండేది కాదు.

సరే, పనికొచ్చే మాటలు కొన్ని. రాష్ట్రం విడిపోకముందు శిక్షణ హైదరాబాదు శివారులో, హిమాయత్ సాగర్ దగ్గరి అకాడమీలో ఉండేది. అక్కడి కూడలిని ఇప్పటికీ అప్పా జంక్షన్ అంటారు. ఆంధ్రప్రదేశ్ పోలీస్ అకాడమీ అన్న పాత పేరు ఆ కూడలికి అలాగే అంటుకుపోయింది. శిక్షణ ఎక్కడైనా మొదటి నెల కాళ్లు బొబ్బలెక్కుతాయి. నూలు మేజోళ్లు ఆరు జతలు కొనిపెట్టు. బూట్లు ఇప్పటినుంచే రోజూ గంటసేపు తొడిగి నడవమను. అన్నం వార్చడం, గుండీ కుట్టుకోవడం చెల్లెమ్మను నేర్పమను, బందోబస్తుకు వెళ్లి బడి వరండాలో పడుకునే రోజుల్లో అవి అక్కరకు వస్తాయి. పులిహోర పొట్లం ఆలస్యంగా వచ్చిన పూట ముందు తన మనుషులు తిన్నారో లేదో చూసి ఆ తరువాతే విప్పాలని కూడా చెప్పమను.

వెళ్లేముందు వాడిని రెండు రోజులు ఇక్కడికి పంపు. గోదావరి గట్టు మీద పొద్దున్నే నాతో నడుస్తాడు. నా పాత బెల్టు ఇత్తడి బిళ్ల ఇంకా మెరుస్తూనే ఉంది, దాన్ని వాడి చేతికి ఇస్తాను. ఏ రైలుకు వస్తాడో చెప్పు, స్టేషనుకు నేనే వస్తాను.

నీ
రాఘవ