ఆర్కిటెక్చర్, సివిల్ విద్యార్థులకు ఉమ్మడి స్టూడియో కావాలి

సంపాదకులకు నమస్కారం.

నేను స్ట్రక్చరల్ ఇంజినీర్‌ని. 22 ఏళ్లుగా ఆర్కిటెక్టులు పంపే డ్రాయింగులకు బీములు, స్లాబులు లెక్కగడుతున్నాను. మా అమ్మాయి ఆర్కిటెక్చర్ నాలుగో సంవత్సరం. సివిల్ డిపార్ట్‌మెంట్ పక్క భవనంలోనే ఉన్నా, ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా ఆ గడప తొక్కలేదట. పర్యావరణానికి మేలు చేసే భవనాల గురించిన సబ్జెక్టు రెండు విభాగాల విద్యార్థులకూ ఉంది, ఎవరి క్లాసు వాళ్లదే. ఆ మాట విన్నప్పటి నుంచి మనసు కలుక్కుమంటూనే ఉంది.

పోయినేడాది నా దగ్గరికి ఒక ప్లాన్ వచ్చింది. స్తంభాల మధ్య 10 మీటర్ల దూరం. బీములో బెండింగ్ మూమెంట్, అంటే బరువు దాన్ని వంచే ప్రభావం, ఆ దూరం వర్గాన్ని (స్క్వేర్‌ని) బట్టి పెరుగుతుంది. 7 మీటర్లకు తగ్గిస్తే, మీటరు పొడవు మీద అదే బరువు ఉన్నా, మూమెంట్ సగానికి పడిపోతుంది. బీము లోతు తగ్గేది, స్టీలు మిగిలేది. కానీ అప్పటికే అనుమతులు వచ్చేశాయి, స్తంభం జరపడం కుదరదన్నారు. ఆర్కిటెక్టుది తప్పనను. మొదటి గీత గీసేటప్పుడు పక్కన ఇంజినీర్ లేడు, అంతే.

సిమెంటు కోసం సున్నపురాయిని సుమారు 1,450 డిగ్రీల వేడిలో కాలుస్తారు. అప్పుడు వెలువడే కార్బన్ డయాక్సైడ్‌లో సగానికి పైగా వచ్చేది ఇంధనం నుంచి కాదు, ఆ రాయి నుంచే. ఇంధనం మార్చినంత మాత్రాన అది ఆగదు. భవనంలో పోసే కాంక్రీటే తగ్గాలి.

తగ్గించవచ్చని జూరిక్‌లోని ఈటీహెచ్ యూనివర్సిటీ చూపించింది. అక్కడి ఆర్కిటెక్టులు, ఇంజినీర్లు కలిసి రూపొందించిన 'హైలో' అనే నిర్మాణం 2021లో డ్యూబెండార్ఫ్‌లో ప్రారంభమైంది. దాని ఫ్లోరు చదునైన మందపాటి స్లాబు కాదు. కింద కమానులా వంగిన పలుచటి పొర, దాని మీద రిబ్బులు, అంటే నిలువుగా నిలబెట్టిన పలుచటి పట్టీలు. బరువంతా ఆ వంపు వెంట మూలలకు దిగిపోతుంది. మామూలు స్లాబుతో పోలిస్తే కాంక్రీటు 70 శాతం దాకా ఆదా. అందులో ఆకారం ఎక్కడ ఆగిందో, లెక్క ఎక్కడ మొదలైందో విడదీసి చెప్పలేం.

మన యూనివర్సిటీల్లో మూడో సంవత్సరంలో ఒక సెమిస్టరంతా ఉమ్మడి డిజైన్ స్టూడియో, అంటే ఇద్దరూ కలిసి కూర్చుని భవనం డిజైన్ చేసే క్లాసు పెట్టాలి. గెస్ట్ లెక్చర్లతో సరిపెడితే లాభం లేదు. ఒకే ప్రాజెక్టు, రెండు విభాగాల అధ్యాపకులూ కలిసి వేసే మార్కులు. చదరపు మీటరుకి ఎంత కాంక్రీటు, ఎంత స్టీలు పడుతుందో మొదటి రివ్యూలోనే చూపించాలి. ఏసీ డక్టులు ఎటు వెళ్తాయో చెప్పడానికి మెకానికల్ వాళ్లనీ కూర్చోబెట్టాలి.

ఫైనల్ ప్రాజెక్టులో సివిల్ విద్యార్థి ఒకరిని కలుపుకోవచ్చా అని మా అమ్మాయి అడిగితే, నిబంధనలు ఒప్పుకోవన్నారట. కనీసం ఆ ఒక్క నిబంధనైనా ఈ ఏడాదే మార్చమని యూనివర్సిటీల పెద్దలను వేడుకుంటున్నాను.

- ఒక స్ట్రక్చరల్ ఇంజినీర్