పి.వి.సి. లేదని అమ్మిన స్టాంపుల ఆల్బమ్‌పై ఫిర్యాదు

ఎం.వి.పి. కాలనీ,
విశాఖపట్నం.

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

విషయం: ‘పి.వి.సి. రహితం, యాసిడ్ రహితం’ అని ముద్రించి మీరు అమ్మిన స్టాక్‌బుక్కుల (స్టాంపులు దాచే ఆల్బమ్‌ల) వల్ల నా స్టాంపులు పాడైపోవడం, దానికి మీరిచ్చిన జవాబు.

అయ్యా,

మీ మెయిల్ అందింది. ‘సముద్రతీర ప్రాంతాల్లో ఉండే అధిక తేమ వల్ల స్టాంపులు పాడై ఉండవచ్చు, మా ఉత్పత్తిలో ఏ లోపమూ లేదు’ అని తేల్చేశారు. పైగా సానుభూతి కింద మరోసారి కొంటే ఇరవై శాతం తగ్గిస్తామంటూ ఒక కూపన్ కూడా పెట్టారు. కూపన్ నాకక్కర్లేదు. తేమ సంగతి మాత్రం వివరంగా మాట్లాడుకోవాలి. విశాఖలో పుట్టి పెరిగినవాడికి తేమ ఏం చేస్తుందో, ఏం చేయదో ఒకరు చెప్పాల్సిన పని లేదు.

నేను మీ వెబ్‌సైట్‌లోనే నేరుగా డబ్బు కట్టి రెండు పెద్ద స్టాక్‌బుక్కులు తెప్పించుకున్నాను. నల్ల అట్ట పేజీలు, వాటి మీద అడ్డంగా పారదర్శకమైన పట్టీలు. పట్టీలు స్టాంపులకు హాని చేసే పి.వి.సి. ప్లాస్టిక్‌తో కాక, స్వచ్ఛమైన పాలీప్రొపిలీన్ ప్లాస్టిక్‌తో చేసినవని అట్ట వెనక రాసి ఉంది. బజార్లో దొరికే మామూలు ఆల్బమ్ కంటే దాదాపు మూడింతల ధర పెట్టింది ఆ ఒక్క మాట కోసమే. బిల్లు నకలు, అట్ట వెనక ముద్రించిన దాని ఫోటో ఈ ఉత్తరంతో ఉన్నాయి.

ఏం పెట్టానో కూడా చెప్పాలి, ఎందుకంటే మీ మెయిల్‌లో ‘పాత కాగితాలు’ అనే మాట వాడారు. మా నాన్నగారు పోర్టులో పనిచేసేవారు. ఓడల ఏజెంట్ల ఆఫీసులకు వచ్చే విదేశీ కవర్లు చింపి పారేసే ముందు అడిగి ఇంటికి తెచ్చేవారు. మగ్యార్ పోస్టా అంటే హంగరీ అనీ, హెల్వేషియా అంటే స్విట్జర్లాండ్ అనీ, దేశం పేరే లేకుండా మూల రాణి తల ఉంటే అది బ్రిటన్ అనీ నాకు భూగోళం పుస్తకం కంటే ముందు ఆ కవర్లే నేర్పాయి. తర్వాత నా సొంత డబ్బుతో రెండు విషయాల మీద స్మారక స్టాంపులు కూడబెట్టడం మొదలుపెట్టాను. ఒకటి అంతరిక్షం: 1957లో స్పుత్నిక్ మీద సోవియట్ వాళ్ళు వేసినవి మొదలు మన 1975 ఆర్యభట్ట దాకా, అక్కణ్ణుంచి ఇవాళ్టి దాకా. రెండోది గాంధీ గారు.

గాంధీ గారి స్టాంపుల సంగతి తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. 1948 ఆగస్టు 15న మన దేశం వేసిన నాలుగూ స్విట్జర్లాండ్‌లో కూర్‌వాజియే ప్రెస్సులో అచ్చయినవి. ‘బాపు’ అని హిందీలోనూ ఉర్దూలోనూ ఉంటుంది. వాటిలో పది రూపాయలది నా తాహతుకి మించింది, మిగతా మూడూ ఉన్నాయి. 1961లో అమెరికా వేసింది, 1969లో శతజయంతికి బ్రిటన్ కోసం బీమన్ మల్లిక్ గీసినది, అదే ఏడాది భూటాన్, సోమాలియా, మాలి లాంటి ఎన్నో దేశాలు వేసినవి ఉన్నాయి. నాకు అన్నిటికంటే ఇష్టమైనది మారిషస్ వాళ్ళ ఆరు స్టాంపుల షీటు. గాంధీ గారు 1901లో దక్షిణాఫ్రికా నుంచి వస్తూ దారిలో మారిషస్‌లో ఆగారు. ఆ మజిలీ మీద కూడా అందులో ఒక స్టాంపుంది. తెలుగువాళ్ళు తరాలుగా ఉంటున్న దీవి కాబట్టి ఆ షీటంటే నాకు కాస్త ఎక్కువ మక్కువ.

వానాకాలం నడుస్తుండగా ఒక ఆదివారం ఆల్బమ్ తెరిచాను. మెత్తటి ప్లాస్టిక్ వాసన గుప్పుమంది. మారిషస్ షీటుని పట్టకారుతో పట్టుకుని పైకి లాగితే రాలేదు. పేపరు కత్తితో పట్టీ కోసి విప్పాల్సివచ్చింది. కింది వరస మూడు స్టాంపులూ నూనె పీల్చుకున్న కాగితంలా వెనక రాసింది ముందుకి కనబడేలా ఉన్నాయి. రంగు పట్టీకి అంటుకుని అక్కడొక పల్చటి అచ్చు పడింది. పై వరస మూడూ కొన్ననాటి తీరునే ఉన్నాయి. అమెరికా వాళ్ళు 1969 సెప్టెంబరులో వేసిన పది సెంట్ల చంద్రయాత్ర స్టాంపుదీ అదే వరస. అచ్చు వేసిన మూల దిమ్మె అపోలో 11లో చంద్రుడి దాకా వెళ్ళొచ్చింది, ఆ స్టాంపు మాత్రం మీ ఆల్బమ్‌లో ఒక ఏడాది బతకలేకపోయింది. సరిగ్గా వ్యోమగామి కాలు మోపే చోటే జిడ్డు మరక.

ఇక్కడ మీ క్వాలిటీ విభాగం వారు దయచేసి ఒక్క నిమిషం ఆగి చూడాలి. స్టాక్‌బుక్‌లో స్టాంపుని పట్టీ పూర్తిగా కప్పదు. కింది సగమే పట్టీలో ఉంటుంది, పై సగం గాలికి ఉంటుంది. నా స్టాంపుల్లో పాడైంది ప్రతిచోటా కింది సగమే. మరక స్కేలు పెట్టి గీసినట్టు పట్టీ అంచు దగ్గర ఆగిపోయింది. తేమే కారణమైతే గాలి తగిలే పై సగం ముందు పాడవాలి. విశాఖ తేమకి మీ పట్టీ అంచు దాకానే వచ్చి ఆగాలని ఎవరు చెప్పారు?

తేమ దెబ్బ ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు. వాడని స్టాంపు వెనక జిగురు మెత్తబడి పేజీకి అంటుకుంటుంది. కాగితం వంకర తిరుగుతుంది. బూజు వల్ల గోధుమరంగు చుక్కలు పడతాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు మా ఇంటి కిటికీ అద్దాలు పగిలి వాన గదుల్లోకి కొట్టింది. ఊళ్ళో రోజుల తరబడి కరెంటు లేదు. బట్టలు ఆరలేదు, గోడలు ఆరలేదు. అప్పుడు ఇవే స్టాంపులు గ్లాసీన్ (నున్నటి పల్చటి కాగితం) కవర్లలో, పాత ఆల్బమ్‌లలో, ఇదే ఇనప బీరువాలో ఉన్నాయి. జిగురున్నవి నాలుగైదు అంటుకున్నాయి. వాటిని నీళ్ళలో నానబెట్టి విడదీసుకున్నాను. జిగురు పోయింది కానీ రంగు చెక్కు చెదరలేదు. తుపానుకి తట్టుకున్న వాటిని మీ ఆల్బమ్ మింగింది. కంచే చేను మేయడమంటే ఇదే.

ఇంకొకటి. పాడైనవాటిలో సగానికి పైగా వాడిన స్టాంపులు, అంటే నాన్నగారు తెచ్చిన కవర్ల మీంచి నానబెట్టి తీసినవి. వాటి వెనక జిగురన్నదే లేదు. మరి వాటిని పట్టీకి అంటించింది ఏమిటి? అదే బీరువాలో, అదే అరలో వేరే కంపెనీ పాలిస్టర్ పట్టీల ఆల్బమ్ ఒకటి పక్కనే ఉంది. దానిలో ఒక్క స్టాంపుకి కూడా ఏమీ కాలేదు.

నేను స్టీల్ ప్లాంట్ లేబొరేటరీలో పనిచేసి రిటైరయ్యాను. అందుకని అనుమానంతో సరిపెట్టుకోలేదు. మీ పట్టీ నుంచి చిన్న ముక్క కత్తిరించి గ్లాసు నీళ్ళలో వేసి, గాలి బుడగలు లేకుండా చెంచాతో లోపలికి నొక్కి వదిలాను. పాలీప్రొపిలీన్ నీటికంటే తేలిక, తేలి తీరాలి. మీ ముక్క నేరుగా అడుక్కి పోయి కూర్చుంది. తర్వాత డాబా మీదికి వెళ్ళి, రాగి తీగని మంటలో ఎర్రగా కాల్చి, వేడి మీద పట్టీకి తగిలించి మళ్ళీ మంటలో పెట్టాను. మంట పచ్చగా మారింది. కాలేజీలో కెమిస్ట్రీ చదివినవాళ్ళెవరికైనా బైల్‌స్టైన్ పరీక్ష గుర్తుంటుంది: పచ్చటి మంట వస్తే ఆ పదార్థంలో క్లోరిన్ లాంటి హాలోజన్ ఉన్నట్టు. పాలీప్రొపిలీన్‌లో ఉండేవి కార్బన్, హైడ్రోజన్ మాత్రమే. పి.వి.సి.లో అయితే క్లోరిన్ ఉంటుంది. (ఆ పొగ మంచిది కాదు, మీవాళ్ళు చేసి చూసుకుంటే గదిలో చేయొద్దు.)

పి.వి.సి. సహజంగా గట్టిది. దాన్ని మెత్తగా వంగేలా చేయడానికి నూనెల్లాంటి రసాయనాలు కలుపుతారు. అవి ప్లాస్టిక్‌తో గట్టిగా కలిసిపోయి ఉండవు, కాలక్రమాన బయటికి ఊరతాయి. వేడికి ఆ పని ఇంకా తొందరగా జరుగుతుంది. ఊరి, ఎదురుగా ఉన్న కాగితంలోకీ సిరాలోకీ ఇంకిపోతాయి. స్టాంపులు సేకరించేవాళ్ళు పి.వి.సి. అంటే ఆమడ దూరం పారిపోయేది అందుకే. ఈ సంగతి మీకు తెలుసు కాబట్టే కదా అట్ట మీద ‘పి.వి.సి. రహితం’ అని అంత పెద్ద అక్షరాలతో వేశారు! (భూటాన్ వాళ్ళు 1970ల మొదట్లో గ్రామఫోన్ రికార్డుల్లాంటి స్టాంపులు వేశారు. పిన్ను పెడితే పాట వినిపించేది. ప్లాస్టిక్ స్టాంపంటే అదొక్కటే నేను భరించగలను, దాన్ని కూడా విడిగానే దాచాను.)

పాడైన స్టాంపుల ‘మార్కెట్ విలువకు రుజువు’ పంపమన్నారు. కేటలాగ్ ధరలతో జాబితా జతచేశాను. వాటిలో చాలావరకు చవకవే, దాచిపెట్టను. బ్రిటన్ వాళ్ళ గాంధీ స్టాంపుని ఇవాళ కూడా తక్కువ ధరకే కొనుక్కోవచ్చు. నా దగ్గర రాణి తల తల్లకిందులుగా అచ్చయిన 1854 నాటి అరుదైన నాలుగణాల స్టాంపేమీ లేదు. కానీ నాన్నగారు తెచ్చిన కవర్ల మీది స్టాంపు మీద పోస్టాఫీసు ముద్రలో ఊరు, తేదీ ఉంటాయి. కొన్ని విశాఖకి వచ్చిన ఓడలు అంతకుముందు ఆగిన రేవుల్లో వేసిన ముద్రలు. అదే స్టాంపు ఇంకెక్కడైనా కొనుక్కోవచ్చు, ఆ ముద్ర దొరకదు. దానికి ధర కట్టమని నేను అడగడం లేదు, కట్టినా మీరు ఒప్పుకోరు. కేటలాగ్‌లో ఉన్న మేరకే అడుగుతున్నాను.

నాకు ముఖ్యమైనది వేరే. మీ ప్రకటనలో ‘స్కూలు ఫిలాటెలీ (స్టాంపుల సేకరణ) క్లబ్బులకు ప్రత్యేక ధర’ అని చూశాను. తపాలా శాఖ దీన్‌దయాళ్ స్పర్శ్ పథకం కింద ఆరో తరగతి నుంచి తొమ్మిదో తరగతి పిల్లలకు ఏడాదికి 6,000 రూపాయల స్కాలర్‌షిప్ ఇస్తుంది. దానికోసమైనా ఎందరో పిల్లలు కొత్తగా స్టాంపులు కూడబెడుతున్నారు. వాళ్ళు అట్ట మీది మాట నమ్మి మీ ఆల్బమ్ కొంటారు. నీళ్ళలో ముంచి చూడాలని, రాగి తీగ కాల్చాలని వాళ్ళకేం తెలుసు?

కాబట్టి నేను అడిగేది ఇది. రెండు ఆల్బమ్‌ల డబ్బూ వెనక్కివ్వాలి, జాబితాలోని మొత్తం చెల్లించాలి. వాటికి బదులు కొత్త ఆల్బమ్‌లు పంపొద్దు, వస్తే తీసుకోకుండా తిప్పి పంపేస్తాను. ఆ బ్యాచ్ పట్టీలకు ప్రభుత్వ గుర్తింపు ఉన్న ల్యాబ్‌లో పరీక్ష చేయించి రిపోర్టు నాకు పంపాలి. పి.వి.సి. అని తేలితే ఆ మాట అట్ట మీంచి తీసేయడమే కాదు, ఇప్పటికే కొన్నవాళ్ళందరికీ తెలియజేయాలి. చివరిది మీకు అన్నిటికంటే కష్టమైనదని తెలుసు, అయినా దాన్ని వదులుకోను.

ఆల్బమ్‌లూ స్టాంపులూ ‘తనిఖీ కోసం’ కొరియర్లో పంపమన్నారు. పంపను, అవి సాక్ష్యం. కోసిన పట్టీ ముక్క ఒకటి, పట్టీ అంచు మరక స్పష్టంగా కనిపించే ఫోటోలు పెడుతున్నాను. కావాలంటే మీ మనిషిని పంపండి, ఇంటికొచ్చి చూసుకోవచ్చు, టీ కూడా ఇస్తాం.

ఈ ఉత్తరం స్పీడ్ పోస్టులో పంపుతున్నాను. అందిన నెల రోజుల్లోగా జవాబు రాకపోతే ముందు 1915 నంబరుకి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో నమోదు చేయిస్తాను, ఆపైన విశాఖ జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. 2019 చట్టం ప్రకారం కేసు మీ హెడ్డాఫీసు ఉన్న ఊళ్ళోనే వేయాలనేం లేదు, నేనుండే చోటే వేయొచ్చు. ఐదు లక్షల లోపు కొనుగోలుకి ఫీజు కూడా లేదు. మీ మెయిల్ కింద ‘ఏ వివాదమైనా మా నగర న్యాయస్థానాల పరిధిలోనే’ అని చిన్న అక్షరాల్లో ఉంది కాబట్టి ఈ సంగతి ముందే చెబుతున్నాను.

భవదీయుడు,
(సంతకం)

జతచేసినవి: బిల్లు నకలు, అట్ట ఫోటో, పట్టీ ముక్క, ఫోటోలు, జాబితా, మీ కూపన్.